సైగా, మాటా, రాతా? నువ్వా, మీరా? సందర్భాన్ని బట్టి ఎంచుకునే తీరు

కొన్నేళ్ల క్రితం నాతో పనిచేసే ఒకమ్మాయి రాత్రి తొమ్మిదిన్నరకి ఒక రిపోర్టు పంపింది. నేను బస్సులో నిలబడి ఉన్నాను. ఒక చేత్తో పైన కడ్డీ పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో "సరే. రేపు మాట్లాడదాం." అని కొట్టి ఫోను జేబులో పెట్టేశాను. నా మనసులో ఉన్నది ఇంతే: రిపోర్టు బాగుంది, ఒక తేదీ మార్చాలి. మర్నాడు పొద్దున ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా కూర్చుని మొత్తం తిరగరాసిందట. "సరే తర్వాత చుక్క పెట్టారు సార్, కోపం వచ్చిందేమో అనుకున్నాను" అంది.

నేను రాసినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. అదే మాట ఎదురుగా కూర్చుని, తల ఊపుతూ అని ఉంటే ఆమె హాయిగా నిద్రపోయేది. ఫోనులో అన్నా గొంతు విని కుదుటపడేది. ఆ రాత్రి ఆమెకి నా మొహం కనబడలేదు, గొంతు వినబడలేదు, ఆ వేళప్పుడు తిరిగి అడిగేంత చనువూ లేదు. చేతిలో మిగిలింది పొడి మాటలు, ఒక చుక్క.

అప్పటినుంచి ముఖ్యమైనది ఏదైనా చెప్పే ముందు నన్ను నేను ఒక ప్రశ్న అడుగుతాను: సరిగ్గా అర్థం కాకపోతే ఎదుటి మనిషి వెంటనే తిరిగి అడగగలరా? అడిగే వీలూ ఉండాలి, అడిగే ధైర్యమూ ఉండాలి. రెండూ నిండుగా ఉన్నచోట సైగ చాలు, సగం మాట చాలు, చనువు భాష చాలు. అవి తగ్గేకొద్దీ మాటలు పెరగాలి, వాక్యాలు పూర్తి కావాలి, చివరికి విషయం రాతలోకి రావాలి. సైగా మాటా అని తేల్చుకోవడానికీ, నువ్వా మీరా అని తేల్చుకోవడానికీ నాకు ఇదే కొలబద్ద.

మాట ఏది, మాట కానిది ఏది

నోటితో వచ్చేదంతా మాట, చేతులతో చేసేదంతా సైగ అనుకుంటాం. అది పొరపాటు. బధిరులు వాడే సంజ్ఞా భాషలో నోటి శబ్దం ఉండదు, కానీ అది పూర్తి స్థాయి భాష. దానికి వ్యాకరణం ఉంది, పదనిర్మాణం ఉంది. అమెరికన్ సంజ్ఞా భాష మీద విలియం స్టోకీ 1960లో ప్రచురించిన అధ్యయనం తర్వాతే పండితులు దీన్ని గట్టిగా పట్టించుకోవడం మొదలుపెట్టారు. కాబట్టి చేతులతో మాట్లాడేవాళ్లు "సైగలు చేస్తున్నారు" అనకండి. వాళ్లు మాట్లాడుతున్నారు. అక్కడా మొహం కవళికలు, చేతి కదలికల వేగం విడిగా తమ పని తాము చేస్తుంటాయి.

ఇక గొంతు నుంచి వచ్చినా మాట కానివి ఉన్నాయి: స్వరం ఎత్తు, వేగం, విరామం, నిట్టూర్పు, "ఊఁ" కొట్టడం. "అలాగే" అన్న మాట తీసుకోండి. చకచకా, కాస్త పైస్థాయిలో అంటే సంతోషంగా ఒప్పుకున్నట్టు. "అలా...గే" అని సాగదీస్తే నమ్మకం లేనట్టు. కిందికి దించి ముక్తసరిగా అంటే ఇంక మాట్లాడొద్దన్నట్టు. పదం ఒక్కటే, నిఘంటువులో అర్థమూ ఒక్కటే.

మన నాట్యం అభినయాన్ని నాలుగుగా విడదీసింది: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. అవయవాల కదలిక, మాట, వేషం, లోపలి భావం వల్ల తనంతట తాను పైకి వచ్చే వణుకు, కన్నీరు, గద్గద స్వరం. నాలుగింట్లో మాట ఒక్కటే. నాకు ఈ విభజన చాలా ఇష్టం, ముఖ్యంగా చివరిది. మనం కావాలని చేసే సైగనీ, ఆపుకోలేక బయటపడే గుర్తునీ అది వేరుచేసి చూపిస్తుంది. రోజువారీ మాటల్లో మనం ఈ రెండింటినీ కలిపేసి, ఎదుటివాళ్లు కావాలని చేయనిదానికి వాళ్లని తప్పుపడుతుంటాం.

ఏది దేనికి పనికొస్తుంది

"బుధవారం వాన పడకపోతే గురువారం పదకొండింటికి రండి, పడితే రావద్దు, నేనే శనివారం వస్తాను." దీన్ని చేతులతో, మొహంతో చెప్పి చూడండి. తేదీ, అంకె, షరతు, ఇంకా జరగనిది, "కాదు" అనడం, ఇవన్నీ మాట సొత్తు. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఏ మందు ఎన్నిసార్లు, ఎవరి బాధ్యత ఎంతవరకు అన్నవి ఎంత దగ్గరివాళ్ల మధ్యనైనా మాటల్లోనే తేలాలి. "కళ్లతోనే అర్థమైపోయింది" అనుకున్న ఒప్పందాల మీద పోయిన స్నేహాలు నాకు తెలుసు.

మనసులో ఎంత నమ్మకం ఉంది, ఎంత దూరం పెడుతున్నారు, ఎంత భయంగా ఉంది, ఇప్పుడు మాట్లాడే వంతు ఎవరిది, ఇవి దేహం చెప్పినంత త్వరగా మాట చెప్పలేదు. ఈ చివరిదాని గురించి 2009లో పది భాషల మీద చేసిన ఒక పరిశీలన ఉంది. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఖాళీ చాలా భాషల్లో సగటున సెకనులో ఐదో వంతుకి అటూ ఇటూగా ఉంటుందని తేలింది. అంత తక్కువ వ్యవధిలో జవాబు ఆలోచించి చెప్పడం కుదరదు. అంటే అవతలివాళ్లు ఇంకా మాట్లాడుతుండగానే, స్వరం దిగడం చూసి, చూపు మన వైపు తిరగడం చూసి, మనం సిద్ధమైపోతున్నాం. వీడియో కాల్‌లో శబ్దం కొంచెం ఆలస్యంగా వస్తే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. ఎవరిదీ తప్పు కాదు, వంతులు చెప్పే గుర్తులు సమయానికి అందలేదంతే. నలుగురికి మించి ఉన్న కాల్‌లో ఎవరో ఒకరు పేరు పెట్టి "ఇప్పుడు మీరు చెప్పండి" అనడం అందుకే అవసరం.

ఇక్కడ ఒక ప్రచారాన్ని సరిచేయాలి. "మన మాటల్లో పదాల వాటా 7 శాతమే, స్వరం 38, దేహభాష 55" అని శిక్షణ తరగతుల్లో చెబుతుంటారు. ఆ అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చినవి. ఆ ప్రయోగాల్లో వాడినవి విడి పదాలు. కొలిచింది ఒకే విషయం: మాట్లాడేవాళ్లకి ఎదుటివాళ్ల మీద ఇష్టం ఉందా లేదా అన్నది, పదం ఒకలా, స్వరమో మొహమో ఇంకోలా ఉన్నప్పుడు వినేవాళ్లు దేన్ని బట్టి పోల్చుకుంటారు అని. భావాల సంగతి కాని మాటలకి ఈ లెక్క వర్తించదని మెహ్రాబియనే స్పష్టం చేశారు. 93 శాతం దేహం, స్వరమే అయితే తెలియని భాషలో ఉపన్యాసం విన్నా మనకి దాదాపు అంతా అర్థం కావాలి కదా. ఈ శాతాలు చూపించి "ఏం చెబుతున్నావన్నది ముఖ్యం కాదు" అనే శిక్షకుల మాట నమ్మొద్దు.

రెండూ రెండు రకాలుగా ఉంటే

మా నాన్నగారి జబ్బు సమయంలో ఒక సాయంత్రం నాకు బాగా గుర్తు. ఆ డాక్టరుగారు రోజూ మంచం పక్కన నిలబడి, కాగితాలు తిప్పుతూ, రెండు ముక్కలు చెప్పి వెళ్లిపోయేవారు. ఆ రోజు లోపలికి వచ్చి, స్టూలు లాక్కుని, నా ఎదురుగా కూర్చున్నారు. కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. "రిపోర్టులు వచ్చాయి. చికిత్స మార్చి చూద్దాం" అన్నారు. ఆ మాటల్లో భయపడేది ఏమీ లేదు. స్టూలు నేల మీద రాసుకున్న చప్పుడుకే నాకు సగం తెలిసిపోయింది.

కానీ ఏ సగం తెలిసింది? ఏదో పెద్ద విషయం ఉందని తెలిసింది. ఏమిటన్నది తెలియలేదు. రోజులు లెక్కపెట్టుకోవాలా, ఇంకా దారి ఉందా అన్నది ఆ స్టూలు చెప్పలేదు. నేను ధైర్యం చేసి "మీరు కూర్చున్నారంటే భయంగా ఉంది. ఉన్నదున్నట్టు చెప్పండి" అన్నాను. అప్పుడు ఆయన వివరంగా చెప్పారు. విషయం కష్టమైనదే, కానీ నేను ఊహించుకున్నంత కాదు.

మాటా దేహమూ వేర్వేరుగా ఉంటే నేను పాటించేది అదే. ఏదో ఉందన్న సంగతి వరకు దేహాన్ని నమ్ముతాను. ఆ "ఏదో" ఏమిటన్నది మాత్రం నోటితో అడిగి తెలుసుకుంటాను. అడగకుండా తీర్పు ఇచ్చేస్తే చాలాసార్లు తప్పుతాం. చేతులు కట్టుకుని కూర్చున్న మనిషికి చలి వేస్తుండవచ్చు. కళ్లలోకి చూడని మనిషి అబద్ధం చెబుతున్నారని చాలామంది నమ్ముతారు, కానీ చూపు తిప్పుకోవడం అబద్ధానికి నమ్మదగ్గ గుర్తు కాదని పరిశోధనలు మళ్లీ మళ్లీ చెప్పాయి. సిగ్గు, గౌరవం, ఆలోచన, దేనివల్లనైనా చూపు పక్కకి పోతుంది. ఆటిజం ఉన్న చాలామందికి కళ్లలోకి చూడటమే కష్టం. ఇంటర్వ్యూల్లో ఈ ఒక్క కారణంతో మంచి మనుషుల్ని వదులుకోవడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

సైగల్లో ఏవి అందరివీ, ఏవి కొందరివే అన్నదీ చూసుకోవాలి. సంతోషం, దుఃఖం, కోపం, భయం, ఆశ్చర్యం, అసహ్యం అనే ఆరు భావాలు మొహంలో ప్రపంచమంతా ఒకేలా కనిపిస్తాయని పాల్ ఎక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వాదించారు. దీని కోసం 1960ల చివర్లో పాపువా న్యూగినీకి వెళ్లి, బయటి ప్రపంచంతో పెద్దగా సంబంధం లేనివాళ్లకి ఫోటోలు చూపించారు. పూర్తిగా ఒకేలా ఉండవని తర్వాతివాళ్లు గట్టిగానే ఎదురు వాదించారు. కావాలని చేసే సైగల విషయంలో ఇంత వాదన కూడా అక్కర్లేదు, అవి మారిపోతాయి. బల్గేరియాలో సంప్రదాయంగా తల పైకీ కిందికీ ఊపితే కాదని, అడ్డంగా ఊపితే అవునని. కొత్తవాళ్లతో తల ఊపి ఊరుకోకుండా "అవును" అని కూడా అనేస్తే సరిపోతుంది.

దూరం సంగతి క్లుప్తంగా: ఎడ్వర్డ్ హాల్ అనే మానవ శాస్త్రవేత్త 1966లో అమెరికన్లను గమనించి నాలుగు వలయాలు చెప్పారు. సుమారు 45 సెంటీమీటర్ల లోపల ఆత్మీయులు, అక్కడి నుంచి 4 అడుగుల వరకు స్నేహితులు, 12 అడుగుల వరకు పని సంబంధాలు, ఆపైన సభ. అంకెలు చోటుని బట్టి మారతాయి. ఎదుటి మనిషి ఒక అడుగు వెనక్కి వేస్తే మనం ముందుకి వేయకూడదన్నది మారదు.

ఎదురుగానా, ఫోనా, మెసేజా, మెయిలా

తిరిగి అడిగే వీలు అన్న కొలబద్దతో చూస్తే ఇవి ఒక వరుసలో నిలబడతాయి. ఎదురుగా ఉంటే మొహం చూసే మనం మాట మార్చుకుంటాం, అవతలివాళ్లు అడగక్కర్లేకుండానే. ఫోనులో మొహం పోతుంది, గొంతు ఉంటుంది. వాయిస్ మెసేజ్‌లో గొంతు ఉంటుంది కానీ మధ్యలో ఆపి అడిగే వీలు ఉండదు. మెసేజ్‌లో గొంతూ పోతుంది. మెయిల్లో జవాబు ఎప్పుడొస్తుందో తెలియదు. చివరిది నోటీసు. దానికి తిరిగి అడగడం అన్నదే లేదు.

రాతలో మన స్వరం ఎంత పోతుందో మనకి తెలియదు, చిక్కంతా అక్కడే. 2005లో అమెరికాలో కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈమెయిల్ మీద ప్రయోగాలు చేశారు. వ్యంగ్యంగా ఒక వాక్యం, మామూలుగా ఒక వాక్యం రాయించి, చదివేవాళ్లు పోల్చుకోగలరా అని చూశారు. రాసినవాళ్లకి పోల్చుకుంటారన్న నమ్మకం బాగా ఉంది. చదివినవాళ్లు మాత్రం బొమ్మా బొరుసా వేసినదానికంటే పెద్దగా మెరుగ్గా చెప్పలేకపోయారు. రాస్తున్నప్పుడు మన గొంతు మన చెవిలో మోగుతూనే ఉంటుంది కాబట్టి అది కాగితం మీదకీ వెళ్లిందనుకుంటాం. ఈ ఇబ్బంది కంప్యూటర్ల మీద రాయడం మొదలైన తొలిరోజుల్లోనే తెలిసింది. స్కాట్ ఫాల్మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1982 సెప్టెంబర్ 19న, సరదా మాటలకి గుర్తుగా రెండు చుక్కలు, ఒక గీత, ఒక బ్రాకెట్‌తో పక్కకి వాలిన నవ్వు మొహం పెడదామని ప్రతిపాదించారు. ఈనాటి ఎమోజీలు కూడా ఆ లోటు తీర్చడానికే పనికొస్తున్నాయి. అందుకే పని మెసేజ్‌లో ఒక నవ్వు మొహం పెట్టడాన్ని నేను తప్పుపట్టను. ఉద్యోగంలో కింద ఉన్నవాళ్లకి పైవాళ్లు రాసేటప్పుడైతే పెట్టమనే చెబుతాను.

రాత గొప్పతనం వేరే ఉంది. అది నిలబడుతుంది, మళ్లీ చదువుకోవచ్చు, అవతలివాళ్లు తమ వీలున్నప్పుడు, కంగారు లేకుండా జవాబు ఇవ్వొచ్చు. మాట తడబడేవాళ్లకీ, కోపంలో ఉన్నవాళ్లకీ, మన భాష కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకీ రాతే దయగల మార్గం. కాబట్టి వివరాలు రాయండి, భావం ఉన్నది మాట్లాడండి. రెండూ ఉంటే ముందు మాట్లాడి, ఆ వెంటనే "ఇందాక అనుకున్నవి ఇవి" అని నాలుగు ముక్కలు పంపండి. క్రమం తిరగబడితే, అంటే ముందు కాగితం వెళ్లి తర్వాత మాట వెళితే, ఆ మధ్య గంటలు అవతలివాళ్లకి నరకం.

ఆ రాత్రి బస్సులో నేను రాయాల్సింది ఇది: "చూశాను, బాగుంది. రెండో పేజీలో ఒక తేదీ మార్చాలి, అంతే. రేపు చెప్తాను." పది మాటలు. రెండు చేతులూ ఖాళీ అయ్యేవరకు ఆగినా నష్టం ఉండేది కాదు.

మర్యాద మెట్లు

మార్టిన్ జూస్ అనే అమెరికన్ భాషావేత్త 1962లో మాట తీరుని ఐదు మెట్లుగా విభజించారు. ఎవరినైనా కూర్చోమని చెప్పే సందర్భంతో చూద్దాం.

అన్నిటికంటే పైన గడ్డకట్టిన భాష. ప్రమాణ స్వీకారం, చట్టంలోని మాటలు. ఒక్క పదం మార్చకూడదు. కూర్చోమనడానికి ఇక్కడ చోటే లేదు, లేచి నిలబడి చదవడమే. దాని కింద సభ భాష: "దయచేసి అందరూ తమ తమ స్థానాల్లో కూర్చోవలసిందిగా కోరుతున్నాను." ఒకరు మాట్లాడతారు, మిగతావాళ్లు అడ్డురారు. మూడోది సంప్రదింపు భాష: "కూర్చోండి. రిపోర్టులు తెచ్చారా?" డాక్టరు, టీచరు, కొత్తగా కలిసిన మనిషి, అందరితో ఇదే. ఒకరు చెబుతుంటే ఇంకొకరు ఊఁ కొడతారు, మధ్యలో అడుగుతారు. నాలుగోది చనువు భాష: "కూర్చో, ఏంటి సంగతి?" ఐదోది ఆత్మీయ భాష. అక్కడ పక్కన ఉన్న కుర్చీని అరచేత్తో ఒకసారి తడితే చాలు.

గమనించారా, మెట్లు దిగేకొద్దీ మాట తగ్గి సైగ పెరుగుతోంది. పైకి వెళ్లేకొద్దీ దేహం బిగుసుకుని పదాలు పొడవవుతున్నాయి. అందుకే ఈ రెండు ఎంపికలనీ విడివిడిగా నేర్పడం నాకు నచ్చదు. ఏ మెట్టు మీద ఉన్నామో దేహానికీ తెలియాలి. "మీరు దయచేసి వివరించగలరా" అంటూ కుర్చీలో వెనక్కి వాలి ఫోను చూస్తుంటే ఆ "దయచేసి" దెబ్బలాగే తగులుతుంది.

తెలుగులో ఈ మెట్లు వ్యాకరణంలోనే ఉన్నాయి కాబట్టి తప్పించుకోలేం. నువ్వు, మీరు, తమరు. వాడు, అతను, ఆయన, వారు. క్రియ చివరి ముక్క విన్నా తెలిసిపోతుంది. ఇంగ్లీషులో అందరికీ ఒకే మాటతో సరిపోతుంది. తెలుగులో నోరు తెరిచిన మొదటి వాక్యంలోనే తేల్చుకోవాలి. జావా భాషలో దీనికంటే కష్టం, మెట్టు మారితే మామూలు పదాలే మారిపోతాయి. జపనీస్‌లో ఎదుటివాళ్ల పనిని పెంచి చెప్పే క్రియలు వేరు, మన పనిని తగ్గించి చెప్పేవి వేరు.

నువ్వు, మీరు లాంటి సర్వనామాల మీద రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో ఒక వ్యాసం రాశారు. ఈ ఎంపికని నడిపేవి రెండు: అధికారం, సాన్నిహిత్యం. నాకు ఇది రోజూ కనిపిస్తుంది. నేను "నువ్వు" అంటే అవతలివాళ్లూ "నువ్వు" అనగలిగితే అది సాన్నిహిత్యం. నేను "నువ్వు" అని, వాళ్లు "మీరు" అనాల్సి వస్తే అది అధికారం. ఇంట్లో పెద్దల మధ్య దానికి ప్రేమ అనే ఇంకో పొర ఉంటుంది, అది వేరే. పనిచేసే చోట మాత్రం, వయసు తేడా ఎంతున్నా, మీరుతో మొదలుపెట్టండి. మీరు నుంచి నువ్వుకి దిగడం అందరికీ తేలిక, ఆ దిగడం ఒక చిన్న పండగలా ఉంటుంది. నువ్వు నుంచి మీరుకి ఎక్కడం ఏదో తెగిపోయినట్టు వినిపిస్తుంది. దిగుదామని అనే హక్కు పైవాళ్లది, సరేననే హక్కు కిందివాళ్లది. "నువ్వు అనొచ్చా?" అని అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు.

ఒక దేశం మొత్తం మెట్టు దిగిన సందర్భం కూడా ఉంది. స్వీడన్‌లో ఒకప్పుడు పరిచయం లేనివాళ్లని హోదా పేరుతో, ప్రథమ పురుషలో సంబోధించేవారు, "డాక్టరుగారికి ఏం కావాలి?" అని డాక్టరునే అడిగినట్టు. 1967లో బ్రోర్ రెక్సెడ్ అనే ఆయన ప్రభుత్వ వైద్య విభాగానికి అధిపతిగా వచ్చి, ఇకపై అందరినీ పేరుతోనే పిలుస్తానని ప్రకటించారు. అప్పటికే మొదలైన మార్పు ఆ తర్వాత ఊపందుకుంది. మొదటి అడుగు పైనుంచి పడింది. కిందినుంచి ఎవరైనా అలా మొదలుపెట్టి ఉంటే దాన్ని పొగరనే అనేవారు.

మర్యాద కోసం అసలు విషయాన్ని తగ్గించి చెబితే

మర్యాదగా మాట్లాడటం వేరు, తిప్పి తిప్పి మాట్లాడటం వేరు. ఈ తేడా తెలియక ప్రాణాలే పోయాయి. 1990 జనవరి 25న కొలంబియా నుంచి వచ్చిన ఏవియాంకా విమానం 52ని న్యూయార్క్ దగ్గర, వాతావరణం బాగాలేక, గంటకి పైగా గాల్లోనే తిప్పారు. ఇంధనం అడుగంటింది. ఒకసారి దిగబోయి దిగలేకపోయాక, ఎమర్జెన్సీ అని చెప్పమని కెప్టెన్ కో-పైలట్‌తో అన్నాడు. కో-పైలట్ రేడియోలో ఇంధనం అయిపోతోందని చెప్పాడు, అదీ మిగతా మాటల మధ్యలో. "ఎమర్జెన్సీ" అన్న పదం కంట్రోలర్ల చెవిన పడలేదు. ఇంధనం తగ్గుతోందన్న మాట ఆ రాత్రి వాళ్లకి మామూలుగానే వినిపించింది. విమానంలోని 158 మందిలో 73 మంది చనిపోయారు.

అంతకు ముందు, 1977 మార్చి 27న టెనెరిఫే విమానాశ్రయంలో పొగమంచులో రెండు జంబో జెట్‌లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. అక్కడా మాటే ఒక కారణం. "మేము టేకాఫ్ దగ్గర ఉన్నాం" అన్నట్టు ఒక విమానం నుంచి ఒక అస్పష్టమైన వాక్యం. కంట్రోలర్ "ఓకే" అని, కాస్త ఆగి, వేచి ఉండమన్నాడు. సరిగ్గా అదే క్షణంలో రెండో విమానం మాట్లాడటంతో తరంగాలు కలిసి కీచుమన్నాయి. మొదటి విమానంలో స్పష్టంగా వినిపించింది "ఓకే" ఒక్కటే. రేడియోలో మొహం కనిపించదు, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే తిరిగి అడిగే వీలూ పోతుంది. ఆ తర్వాత నిబంధన మార్చారు: టేకాఫ్ అన్న పదం అనుమతి ఇచ్చేటప్పుడూ, ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడూ తప్ప వాడకూడదు. అనుమతిని "ఓకే" అని కాకుండా పూర్తిగా తిరిగి చదివి వినిపించాలి.

మన పనుల్లో ఇంత ప్రమాదం ఉండకపోవచ్చు. పద్ధతి మాత్రం అరువు తెచ్చుకోవచ్చు. ప్రమాదం ఉన్నచోట మర్యాద అంతా సంబోధనలో పెట్టండి, విషయంలో పెట్టకండి. "సార్, మీకు వీలైతే, కాస్త ఆ వైరు చూస్తే బాగుంటుందేమో" అనకండి. "సార్, ఆ వైరు ముట్టుకోకండి. కరెంటు ఉంది" అనండి. "సార్" ఉంది, "కోకండి" ఉంది, మర్యాదకి లోటు లేదు. పైవాళ్లు చేయాల్సింది ఇంకోటి ఉంది: "అర్థమైందా?" అని అడగడం మానేయడం. ఆ ప్రశ్నకి కిందివాళ్లు "అయింది" అనే చెబుతారు. "ఇప్పుడు నువ్వేం చేయబోతున్నావో ఒకసారి చెప్పు" అంటే నిజం తెలుస్తుంది.

తరచూ తికమకపడే సందర్భాలు

కాదనడం. దగ్గరివాళ్లకి ఫోనులో, పరిచయం తక్కువైనవాళ్లకి రాతలో. "చూద్దాం" అనడం దయ అనుకుంటాం, కానీ అవతలివాళ్లు ఆ మాట పట్టుకుని రోజులు ఎదురుచూస్తారు. "ఈసారి కుదరదండీ" చాలు. కారణం ఒక్కటి చెప్పండి. మూడు చెబితే మూడూ సాకుల్లా వినిపిస్తాయి.

మందలింపు. ఎదురుగా, ఒంటరిగా, మామూలు కంటే ఒక మెట్టు పైన. రోజూ "నువ్వు" అనేవాళ్లని "మీరు" అనక్కర్లేదు, వాక్యాలు పూర్తిగా, నెమ్మదిగా ఉంటే ఆ మెట్టు వచ్చేస్తుంది. గ్రూపులో ఒక్క మాట కూడా వద్దు. గ్రూపులో తిరిగి అడిగే వీలు ఉన్నట్టే ఉంటుంది, ధైర్యం మాత్రం ఎవరికీ ఉండదు.

డబ్బు, గడువు, బాధ్యత. ఎంత స్నేహమైనా రాతలో, సంప్రదింపు భాషలో. "మనలో మనకి కాగితమెందుకు" అనేవాళ్లకి నేను చెప్పే జవాబు ఇది: మనలో మనం రేపు గొడవపడకుండా ఉండటానికే.

క్షమాపణ. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తప్పు మెట్టు ఎంచుకోవడం ఇక్కడే ఎక్కువ చూస్తాను. గొడవ ఏ భాషలో జరిగిందో క్షమాపణా ఆ భాషలోనే ఉండాలి. చనువుగా ఉన్న స్నేహితుణ్ణి నొప్పించి "జరిగినదానికి చింతిస్తున్నాను" అని పంపితే అది ఆఫీసు నోటీసులా ఉంటుంది. నిన్నటిదాకా ఉన్న దగ్గరితనం కూడా పోయిందని అతను అనుకుంటాడు. అలాగే పదిమందిలో అవమానించి, గదిలో "సారీ రా" అంటే సరిపోదు, పదిమందీ వినేలా చెప్పాలి. "నీకు బాధ కలిగి ఉంటే" అన్న షరతు పెట్టకండి. బాధ కలిగిందని మీకు తెలుసు కాబట్టే వచ్చారు. చేసింది ఏమిటో పేరు పెట్టి చెప్పండి: "నిన్న అందరి ముందూ నీ జీతం సంగతి ఎత్తాను, తప్పు చేశాను." ఆ తర్వాత మాట ఆపేయండి. వాళ్లు ఏమీ అనకపోతే ఆ నిశ్శబ్దాన్ని వాళ్లకే వదిలేయండి, మీ మాటలతో నింపకండి. లేచి వెళ్లిపోతే వెనకాల వెళ్లకండి. తర్వాత ఎప్పుడో వాళ్లు పక్కన ఉన్న కుర్చీని కాస్త మీ వైపు జరిపితే, వెళ్లి కూర్చోండి. ఆ విషయం మళ్లీ ఎత్తక్కర్లేదు.